పాత కారు మరమ్మతు – 5వ పాఠం: చోక్ ఇంకా తేలలేదు

ఈసారి స్లో (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిను తిరిగే వేగం) సర్దుబాటు చెబుతానన్నాను. అది వాయిదా. చోక్ అంటే కార్బురేటర్ (గాలి, పెట్రోలు కలిపే భాగం) నోట్లో గాలికి అడ్డుపడే రేకు. కారు లోపలి నాబ్ లాగితే కేబుల్ తీగ దాన్ని మూస్తుంది. కిందటి పాఠంలో ఆ తీగ బిగించమని ఒక్క వాక్యంతో తేల్చేశాను. ఆ వాక్యాన్ని నమ్మి కొందరు తీగను వీణ తీగలా బిగించేశారు. ఒకరైతే నాబ్ బయటికి లాగి ఉంచి స్క్రూ బిగించారు. వారి కారు ఇప్పుడు నల్లటి పొగ వదులుతూ, పెట్రోలు తాగుతూ తిరుగుతోంది. నాబ్ ఎక్కడ ఉండాలో నేను రాయకపోవడమే కారణం.

మన బండి మారలేదు: కార్బురేటర్ ఉన్న మారుతి 800, 796 సీసీ, మూడు సిలిండర్లు. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా పెట్రోలు చిమ్మే పద్ధతి) బండి ఉన్నవారికి చోక్ నాబే ఉండదు, ఈ పాఠంతో పని లేదు.

చల్లటి ఇంజినులో పెట్రోలు సరిగా ఆవిరి కాక లోపలి గోడలకు అంటుకుంటుంది. అందుకే కాసేపు గాలి తగ్గించి పెట్రోలు వాటా పెంచుతాం. రేకు మూసుకోకపోతే పొద్దున బండి అందుకోదు. పూర్తిగా తెరుచుకోకపోతే వేడెక్కాక గునుస్తుంది, ప్లగ్గులకు మసి పడుతుంది. ఈ రెండూ గుర్తుంటే చాలు.

ఇక నాకు చిరాకు తెప్పించే పని. ఎయిర్ ఫిల్టర్ తీసి, రేకును వేలితో అటూ ఇటూ ఆడించి, "చోక్ బాగానే ఉంది" అని తీర్మానించడం. బాగున్నది రేకు. చెడింది కేబుల్ కావచ్చు. నాబ్ పూర్తిగా లాగి ఉన్నప్పుడు కూడా వేలితో నొక్కితే రేకు కొంత తెరుచుకుంటుంది. ఇంజిను అందుకోగానే లోపలికి పోయే గాలి దాన్ని తెరవాలి కాబట్టి అలా అమర్చారు. వేలికి రేకు కదలడం తెలుస్తుందే తప్ప తీగ లాగుతున్నదో లేదో తెలియదు. కాబట్టి ఇంజిను ఆపి ఉంచి, ఇంట్లో ఒకరిని సీట్లో కూర్చోబెట్టండి. వారు నాబ్ నెమ్మదిగా లాగాలి, నెట్టాలి. మీరు చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. నిజంగానే కట్టుకోండి, లేకపోతే వేలు వెళ్ళి తీరుతుంది.

నాబ్ లాగినప్పుడు రేకుకు బదులు కేబుల్ ఔటర్ (తీగ మీది తొడుగు) కదులుతోందా? దాన్ని పట్టి ఉంచే క్లిప్పు జారింది. నాలుగింట మూడు సార్లు నాకు దొరికేది ఇదే. నాబ్ సగంలో పట్టేస్తే ఇన్నర్ (లోపలి తీగ) తుప్పు పట్టింది. లాగినప్పుడు వస్తుంది, నెట్టినప్పుడు మాత్రం రేకు సగంలోనే ఆగిపోతుంది అంటే తీగ ఎక్కడో మడత పడింది. తీగ లాగితే నిటారవుతుంది, నెడితే వంగిపోతుంది. మడతపడిన తీగను సరిచేయాలని చూడకండి, మార్చేయండి.

బిగించే పద్ధతి: నాబ్ పూర్తిగా లోపలికి, రేకు పూర్తిగా నిటారుగా. నాబ్ దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు మిగిలేలా, రేకు దగ్గర తీగను పట్టే స్క్రూ బిగించండి. రబ్బరు మౌంట్ల మీద ఇంజిను ఊగుతుంది. వదులు లేకపోతే ఊగినప్పుడల్లా రేకు కొంత మూసుకుంటుంది. స్క్రూ దగ్గర తీగ మీద గోళ్ళ రంగుతో చుక్క పెట్టడం నా అలవాటు. జారితే చుక్కే చెబుతుంది.

రేకు ఇరుసుకు ఇంజినాయిల్ పూయవద్దు, దుమ్ము పట్టి బిగుసుకుంటుంది. కార్బురేటర్ క్లీనర్ చాలు. ఫిల్టర్ తీసి ఉన్నంతసేపూ కార్బురేటర్ నోటికి గుడ్డ కప్పండి. వాషరు లోపల పడేసుకున్నవారికి ఎందుకో తెలుసు. స్టార్ట్ చేసే ముందు ఆ గుడ్డ తీయండి. స్టార్టర్ తిరుగుతుండగా కార్బురేటర్ లోకి తొంగి చూడవద్దు, మంట ఎగదన్నవచ్చు.

పెట్రోలు ఎక్కువై బండి మూగబోతే చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి పట్టి స్టార్టర్ తిప్పండి. పంపు కొట్టినట్టు తొక్కితే ఇంకా పెట్రోలు పోస్తున్నట్టే.

అభ్యాసం: వరుసగా ఏడు ఉదయాలు, రాత్రంతా నిలిపిన బండితో, ఆరుబయట. నాబ్ ఎంత లాగారు, ఎన్ని సెకన్లకు అందుకుంది, ఎప్పుడు పూర్తిగా నెట్టగలిగారు రాసి ఉంచండి. విజయవాడ మే నెలలో చోక్ అసలు అక్కరలేకపోవచ్చు, లంబసింగిలో డిసెంబరు పొద్దున పూర్తిగా లాగాలి. ఎనిమిదో రోజు ఒక ప్లగ్గు విప్పి చూడండి. మసి ఉంటే ఆరో పాఠానికి రాకండి, చేతులు కట్టుకుని రేకు చూడటం మళ్ళీ మొదలుపెట్టండి.