అక్క పాప దగ్గర నెలా రెండు నెలలు ఉండి రావాలంటే ఎలా?

కాన్పు అయిన కొత్తలో ఇంటినిండా మనుషులే. అమ్మమ్మ, నానమ్మ, చూడటానికి వచ్చే చుట్టాలు, బారసాల హడావిడి. ఆ రోజుల్లో పిన్ని వెళ్లినా పాపను ఎత్తుకోవడానికి వంతు రాదు. మనిషి సాయం నిజంగా కావాల్సింది ఆ తర్వాత. మూడో నెలలోనో ఐదో నెలలోనో అక్క పుట్టింటి నుంచి పాపను తీసుకుని హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్తుంది. పొద్దున బావగారు ఆఫీసుకు వెళ్తే మళ్లీ రాత్రి దాకా ఫ్లాట్‌లో తల్లీపిల్లా ఇద్దరే. సెలవు పెట్టుకుని వెళ్లేటట్టయితే అప్పుడు వెళ్లండి. పాపతో గడిపిన తృప్తి మీకు, నిద్రపోయే వీలు అక్కకు, రెండూ దక్కుతాయి.

మొదటి పని: రోజులు ఎంచుకోవడం

అక్క ఉద్యోగం చేస్తుంటే ఆమె సెలవు ఎప్పుడు అయిపోతుందో అడగండి. 2017లో చట్టం మారాక మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు ఉంది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ముందు ఎన్ని వారాలు వాడుకున్నారన్నదాన్ని బట్టి, పాపకు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అక్క మళ్లీ ఆఫీసుకు వెళ్లాలి. ఆ తేదీకి కనీసం రెండు వారాల ముందే మీరు అక్కడ ఉండాలి. ఆరేడు నెలలు వచ్చేసరికి పిల్లలకు కొత్త ముఖాలంటే బెరుకు మొదలవుతుంది. అంతకుముందే మీ గొంతు, మీ చేతులు అలవాటైతే పాపకూ సులువు, మీకూ సులువు.

రెండో పని: అందరినీ అడగడం

అక్క రమ్మంది కదా అని బయల్దేరకండి. బావగారితో కూడా ఒక మాట మాట్లాడండి. అక్క అత్తగారు ఆ ఇంట్లోనే ఉంటే ఆవిడకూ ఫోన్ చేసి "అత్తయ్యగారూ, పాపను చూసుకోవడానికి కొన్నాళ్లు వచ్చి ఉందామనుకుంటున్నాను" అని చెప్పండి. వెళ్లేరోజుతో పాటు తిరిగి వచ్చేరోజు కూడా చెప్పాలి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి రెండు టికెట్లూ ముందే చూసుకోవచ్చు. మీరు వెళ్లిపోయేది ఎప్పుడో తెలిస్తేనే వాళ్లు ఆయానో క్రెష్‌నో కుదుర్చుకోగలరు.

మీరు పాపకు పిన్ని కాకుండా మేనత్త అయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఆడపడుచు వస్తోందంటే మర్యాదలు చేయాలేమోనని వదినకు టెన్షన్. అందుకే మొదటి రోజే కాఫీ మీరు కలిపి ఆమెకు ఇవ్వండి. ఆ ఒక్క పనితో ఇంట్లో బరువు సగం తగ్గుతుంది.

మూడో పని: ఒంట్లో బాగుందో లేదో చూసుకోవడం

పసిపిల్లలకు కోరింత దగ్గు చాలా ప్రమాదం. అది ఎక్కువగా ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. మీ డాక్టర్‌ను అడిగి, దాన్ని అడ్డుకునే టీడ్యాప్ టీకా వేయించుకోండి. అది పనిచేయడానికి సమయం పడుతుంది కాబట్టి వెళ్లడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. ఫ్లూ టీకా గురించీ అడగండి. బయల్దేరేరోజు జలుబో జ్వరమో ఉంటే టికెట్ రద్దు చేసుకోవడమే మంచిది. అక్కడికి వెళ్లాక కూడా పాప ముఖం మీద, చేతుల మీద ముద్దులు వద్దు. మనసు లాగుతుంది, నిజమే. పాదాలు ఉన్నాయి కదా!

సంచిలో ఏం పెట్టుకోవాలి?

బొమ్మలు తర్వాత చూడొచ్చు. ఉతికి మెత్తబడ్డ పాత నూలు చీరలు తీసుకెళ్లండి. పక్కలోకి, తుడవడానికి, బొంతలకు వాటిని మించినవి లేవు. అక్కకు నెయ్యి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి. మీకు నూలు బట్టలు. పిన్నీసులు, రాళ్ల గాజులు, పొడుగాటి గోళ్లు వద్దు.

అక్కడ మొదటి వారం

వెళ్లగానే పాపను అక్క చేతుల్లోంచి లాక్కోకండి. కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని కింద చాప మీద కూర్చోండి. పాప తల్లి ఒడిలోంచే మిమ్మల్ని చూడనివ్వండి. మాట్లాడండి, ఆగండి, తను ఏదో ఒక శబ్దం చేస్తే మళ్లీ జవాబు చెప్పండి. కాస్త అలవాటయ్యాక దోబూచులాట మొదలుపెట్టొచ్చు.

తర్వాత ఏదైనా ఒక పనిని పూర్తిగా మీ చేతిలోకి తీసుకోండి. అన్నీ కొంచెం కొంచెం చేసేకన్నా ఒకటి రోజూ ఒకే వేళకు చేయడం మేలు. నన్నడిగితే ఆ పని స్నానమే. పాప మీకు దగ్గరయ్యేది అక్కడే.

పాపకు నీళ్లు పోయడం

పాలు తాగిన వెంటనే వద్దు, అరగంటో ముప్పావు గంటో ఆగాలి. ఫ్యాన్ ఆపి, తుండు, బట్టలు ముందే అందుబాటులో పెట్టుకోండి. కొబ్బరి నూనె అరచేతుల్లో రుద్దుకుని కాళ్లు, పొట్ట, ఛాతీ, చేతులు, వీపు మెత్తగా పాముతూ రండి. ఆ సేపంతా పాప మీ కళ్లలోకే చూస్తుంది, కాబట్టి మాటలు ఆపకండి. చెవుల్లో, ముక్కులో నూనె వేయకూడదు. తల గుండ్రంగా రావాలని నొక్కడం, ముక్కు సాగదీయడం అసలు వద్దు.

పీట మీద కూర్చుని కాళ్లు చాపి పాపను కాళ్ల మీద పడుకోబెట్టుకోండి. నీళ్ల వేడి మోచేతితో చూడండి, చేతివేళ్లకు అంత తెలియదు. మొదట్లో పక్కన అక్కనో ఇంకెవరినో ఉండమనండి. సున్నిపిండి గరగరలాడితే లేత చర్మం ఎర్రబడుతుంది, అలా కనిపిస్తే మానేయడమే. మెడ మడతలు, చంకలు, తొడల సందులు తడి లేకుండా తుడవాలి, వేసవిలో చెమటకాయలు అక్కడే వస్తాయి. సాంబ్రాణి పొగ పాపకు పట్టొద్దు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాటుక కళ్లకు వద్దు, దిష్టి చుక్క అరికాలికి పెడితే చాలు.

స్నానం అయ్యాక పాప పాలు తాగి గాఢంగా నిద్రపోతుంది. వెల్లకిలా, దిండు లేకుండా, చదునైన పక్క మీద పడుకోబెట్టండి. అప్పుడు అక్కను కూడా పడుకోమని చెప్పండి. గిన్నెలు, బట్టలు, తలుపు కొట్టే కొరియర్ సంగతి మీరు చూసుకోండి.

పాలు, తొలి ముద్దలు

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు. అక్క ఆఫీసుకు వెళ్తూ పాలు తీసి ఉంచితే, మన ఎండలకు బయట పెట్టకుండా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంచొచ్చంటారు. డబ్బా మీద తేదీ, వేళ రాయండి. పొయ్యి మీద గానీ మైక్రోవేవ్‌లో గానీ పెట్టకుండా, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి చల్లదనం పోగొట్టండి. పాప తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి.

ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాశన అని ఐదో నెలలోనే చేద్దామని పెద్దలు అనొచ్చు. ఆరు నెలలు నిండాక అంటే ఏడో నెల, అదీ బేసి నెలే. ఈ సంగతి పిన్ని చెబితే పెద్దవాళ్లు నొచ్చుకోకుండా వింటారు, అక్క చెబితే అది వాదన అయిపోతుంది. అమ్మమ్మ ఒకటి, నానమ్మ ఒకటి అన్నప్పుడల్లా మీరు ఎవరి పక్షమూ తీసుకోకండి, పిల్లల డాక్టర్ చెప్పిందే చేద్దామనండి.

ఫోటోలు ఎన్నైనా తీసుకోండి, స్టేటస్‌లో పెట్టేముందు మాత్రం తల్లిదండ్రులను అడగాలి. పాప ఏడుపు ఆపడానికి ఫోన్ చూపించొద్దు, మీరు వెళ్లాక ఆ అలవాటుతో అక్కే అవస్థ పడాలి.

తిరిగి వచ్చేముందు

చివరి వారం ఆయానో నానమ్మనో స్నానానికి కూర్చోబెట్టి, మీరు పక్కన ఉండండి. పాప ఎప్పుడు నిద్రకు వస్తుంది, ఆకలేస్తే ఏం చేస్తుంది, ఏ పాటకు ఊరుకుంటుంది, అన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. పాప నిద్రలో ఉన్నప్పుడు చెప్పకుండా వచ్చేయకండి. ఎత్తుకుని, వెళ్తున్నానని చెప్పి, తల్లి చేతికిచ్చి రండి.

మళ్లీ వెళ్లాలంటే తొమ్మిది నెలలు నిండినప్పుడు చూడండి. తట్టు, రుబెల్లా టీకా అప్పుడే వేస్తారు. తర్వాత జ్వరం వస్తే అక్కకు ఆఫీసు సెలవు దొరకడం కష్టం, అప్పటికి పాప పాకుతూ కూడా ఉంటుంది కాబట్టి ఇంట్లో ఇంకో మనిషి తప్పకుండా కావాలి.