ల్యాండ్‌స్కేప్ ఫోటో మీద పనికొచ్చే విమర్శ: చెప్పడం ఎలా, తీసుకోవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం బీచ్‌లో తీసిన సూర్యోదయం ఫోటోకి "సూపర్ అన్నా" అన్నా, "ఏదో తగ్గింది" అన్నా తీసినవారికి ఒరిగేదేమీ లేదు. విమర్శ ఫోటోలో ఒక చోటును వేలుపెట్టి చూపాలి, అలా ఎందుకైందో చెప్పాలి, దిద్దుకునే దారీ చూపాలి.

1. ముందు ఫోటో సరిగా పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపి ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం సైజు; ఎఫ్/ పక్కన అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ స్పీడ్ (వెలుగు ఎంతసేపు లోపలికొచ్చింది), తీసిన వేళ రాయండి. "ఎలా ఉంది?" అని అడక్కండి. "ముందున్న పడవ చూపును లోపలికి తీసుకెళ్తోందా, అడ్డుపడుతోందా?" లాంటి ఒక్క ప్రశ్న చాలు.

2. చెప్పేవారు ఓ నిమిషం ఊరికే చూడాలి. కన్ను మొదట ఎక్కడ పడింది, ఎటు వెళ్లింది, ఎక్కడ చిక్కుకుంది? తర్వాత సముద్రపు గీత వాలిందా, అంచుల్లో తెగిన తాటి మట్టో కరెంటు తీగో ఉందా చూడాలి.

3. లోపానికి కారణం పట్టుకోండి. అసలు పని ఇదే. "షార్ప్‌గా లేదు" అంటే చాలదు. ఫోటో అంతా కాస్త మెత్తబడి, ఎపర్చర్ ఎఫ్/22 ఉంటే డిఫ్రాక్షన్ (మరీ చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదిరిపోవడం) కావచ్చు. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర మళ్లీ తీయమనండి. అన్ని గీతలూ ఒకే వైపు సాగి కనిపిస్తే ట్రైపాడ్ కదిలింది. అల వెనక్కి పోతూ ట్రైపాడ్ కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది కాబట్టి, వాటిని ముందే ఇసుకలో లోతుగా దించేయాలి. అలలు మాత్రమే చెదిరితే అది షట్టర్ నిదానం, తప్పు కాకపోవచ్చు. ఆకాశంలో గుండ్రటి మచ్చలు సెన్సార్ (కెమెరాలో వెలుగును పట్టే పలక) మీది దుమ్ము. ఎఫ్/16 దగ్గర బాగా బయటపడతాయి. దగ్గర్లోని సాలిహుండం కొండ అంచు వెంట తెల్లటి గీత ఉంటే ఎడిటింగ్‌లో క్లారిటీ (అంచులను కొట్టొచ్చినట్టు చూపే స్లైడర్) మితిమీరింది.

మన తీరంలో ఉదయం సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు. అందుకే ఆకాశం తెల్లగా అయిపోవడం, ఇసుక నల్లబడటం మామూలు. రెండేసి స్టాపుల తేడాతో (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) మూడు ఫోటోలు తీసి కలపమనడం పనికొచ్చే సలహా.

4. లోపాన్నీ అభిరుచినీ కలపకండి. నీళ్లు పాలలా కనబడటం నచ్చకపోతే "నాకైతే" అని మొదలుపెట్టండి.

5. వినేవారు సంజాయిషీ ఇవ్వొద్దు. "ఆ రోజు మబ్బు పట్టింది" అన్నది ఫోటోలో కనిపించదు. చెప్పింది రాసుకోండి, అర్థం కాకపోతే ఏ చోటో అడగండి. ముగ్గురు ఒకే చోటును చూపి మూడు మందులు చెబితే, ఆ చోటులో ఇబ్బంది ఉన్నట్టే. మందు మాత్రం మీరే ఎంచుకోవాలి.

6. అసలు ఫైలుకు కాపీ తీసి సలహా ప్రకారం మార్చండి. పాతదీ కొత్తదీ ఒకే సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. కొన్ని ఎడిటింగ్‌కి లొంగవు. పడవ పై అంచు సముద్రపు గీతను తాకుతుంటే మళ్లీ వెళ్లి కెమెరాను ఓ అడుగు పైకెత్తాలి. తాటిపూడి రిజర్వాయర్ దగ్గర చెట్టు కొండతో కలిసిపోతే రెండడుగులు పక్కకు జరిగి, చెట్టు చుట్టూ ఖాళీ కనిపించాకే నొక్కాలి.