సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలా? అరిసెలు మానకుండానే ఆరోగ్యంగా పెట్టడం ఎలా

పండగ రోజు హెల్తీ ఫుడ్ అంటే మా ఇంట్లో అందరూ నా వైపు అదోలా చూస్తారు, ఎందుకంటే ఆ ప్రయోగం నేను ఒకసారి చేసి అభాసుపాలయ్యా. నాలుగేళ్ల కిందట కనుమకి ఇరవై మంది భోజనానికి వచ్చారు, అందులో ఐదుగురికి షుగరు, ఇద్దరికి బీపీ. నేనేదో తెలివైనదాన్ని అనుకుని షుగరు వాళ్లకి వేరే కంచాలు పెట్టా, రెండేసి పుల్కాలు, చప్పిడి కూర, కీరా ముక్కలు. మా మావయ్య ఆ కంచం చూసి "ఏమే, నన్ను ఆస్పత్రిలో చేర్చావా" అన్నాడు, నవ్వుతూనే అన్నాడు గానీ కాసేపటికి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లి డబ్బా మూత తీసి నాలుగు అరిసెలు నిలబడే తినేశాడు. అప్పట్నుంచి మా ఇంట్లో వేరే కంచం లేదు, అందరికీ ఒకటే వంట, ఆ వంటనే కాస్త మార్చుకుంటున్నాం. ఎలాగో చెప్తా.

మొదటి పని: మెనూ కాగితం మీద రాయండి, తర్వాత కొట్టేయండి

నోటితో అనుకుంటే నాలుగే అనిపిస్తాయి, రాస్తే తెలుస్తుంది. గారెలు, నాటుకోడి కూర, పులిహోర, చక్రపొంగలి, బజ్జీలు, అప్పడాలు, పైగా డబ్బాల్లో అరిసెలు, జంతికలు, సున్నుండలు. ఇప్పుడు ఒక్కటే రూలు పెట్టుకోండి, ఆ పూటకి వేయించేది ఒకటి, తీపి ఒకటి. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు తీసేసే ధైర్యం నాకు లేదు, అందుకని బజ్జీలు, అప్పడాలు పోయాయి. అరిసెలు ఎలాగూ ఉన్నాయి కదా అని చక్రపొంగలి భోగి రోజుకే సరిపెట్టాం. ఎవరూ అడగలేదు కూడా.

తీసేసిన వాటి బదులు ఆ సీజన్‌లో వచ్చేవే పెట్టండి, బయట్నుంచి ఏమీ తేనక్కర్లేదు. చిక్కుడుకాయ కూర, పాలకూర పప్పు, ముల్లంగి పచ్చడి, ఏదైనా ఒకటి రెండు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెప్పేది కూడా ఇదే, కంచంలో సగం కూరగాయలు, పళ్లు ఉండాలని. పండగ రోజు సగం కుదరదు లెండి, పావు వంతు వచ్చినా నేను సంతోషిస్తా.

బెల్లం సంగతి

ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. "బెల్లంతోనే చేశాం, షుగరు వాళ్లు కూడా తినొచ్చు" అని ప్రతి ఇంట్లో ఒకరు అంటారు. తప్పండీ. బెల్లంలో ఉండేది కూడా చాలావరకు చక్కెరే, 100 గ్రాములకి దాదాపు 380 కేలరీలు, పంచదారకి 400 లోపు, అంతే తేడా. రక్తంలో షుగరు అదీ పెంచుతుంది, ఇదీ పెంచుతుంది. కొర్రలు మంచివే కదా అని వాటితో పులిహోర చేసి రెండు గరిటెలు ఎక్కువ వేసేయడం కూడా ఇలాంటిదే. కాబట్టి దినుసు మార్చి ఊరుకోకుండా సైజు తగ్గించండి.

మేం అరిసెలకి పాకం పిండి నిమ్మకాయంత తీసుకునేవాళ్లం, ఇప్పుడు ఉసిరికాయంత తీసుకుంటున్నాం. వంటింటి కాటా మీద పెడితే పాత అరిసె 60 గ్రాములుంది, కొత్తది 25. విడ్డూరం ఏంటంటే పెద్దవి చేసినప్పుడు మనిషికి రెండు తినేవాళ్లు, చిన్నవి చేసినా రెండే తింటున్నారు. ఇంకోటి, నూనెలోంచి తీయగానే అరిసె చెక్కల మధ్య పెట్టి బాగా నొక్కండి, చల్లారాక నొక్కితే నూనె రాదు, వేడి మీదే కారాలి. మా అమ్మ నొక్కుడుకి కింద గిన్నెలో నూనె మడుగు కట్టేది, నేను నొక్కితే అంత రాదు, అది వేరే విషయం.

గారెలు నూనె తాగకుండా

పప్పు నానబెట్టి నీళ్లు పూర్తిగా వంపేసి, రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించడమే తప్ప పోయకూడదు. పిండి జారుగా అయిందంటే గారె స్పాంజిలా నూనె పీల్చేస్తుంది, అందుకే గ్రైండర్ దగ్గర ఓపిక పట్టాలి. నూనె కాగిందో లేదో చూడటానికి కాస్త పిండి వేయండి, వెంటనే పైకి తేలాలి, అడుగునే కూర్చుంటే ఆగండి. ఉప్పు సరిగ్గా వేయించబోయేటప్పుడే కలపండి, చాలాసేపు ముందు కలిపి పెడితే పిండి పలచబడుతుంది. సగం గారెలు పెరుగులో వేసేయండి, పెరుగు గారెతో కడుపు నిండితే ఇంకోటి అడగరు.

మిగిలిన నూనె గురించి, అందులోనే కొత్త నూనె కలిపి వారం అంతా వేయించొద్దు. హోటళ్లకి అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రూలు ఉంది, టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె పదేపదే కాగితే అందులో పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటిన నూనె వాడకూడదని, మనకి ఇంట్లో ఆ మీటర్ ఉండదు కాబట్టి నల్లబడినా, నురగ వచ్చినా, తొందరగా పొగ వచ్చినా పారేయడమే. ఒకసారి వాడింది వడకట్టి ఒకటి రెండు రోజుల్లో పోపులకి వాడేస్తే చాలు.

తాగడానికి ఏం పెట్టాలి

అసలు దెబ్బ ఇక్కడే పడుతుంది, భోజనం మీద కాదు. కోలా సీసా తిప్పి లేబుల్ చూడండి, 100 మిల్లీలీటర్లకి పది పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే 300 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు ఎనిమిది చెంచాలు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 25 గ్రాములు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పిల్లలు కూల్‌డ్రింక్ అడుగుతారు, నిజమే, కానీ సీసా టేబుల్ మీద కనిపిస్తే అడుగుతారు, కనిపించకపోతే ఆటల్లో పడి మర్చిపోతారు.

మజ్జిగ ఇలా చేయండి: ఒక వంతు పెరుగుకి మూడు నాలుగు వంతుల నీళ్లు, బాగా చిలికి, దంచిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర వేసి గంట సేపు కుండలో ఉంచండి. లీటరుకి అర చెంచా ఉప్పు చాలు, నిమ్మకాయ పిండితే ఉప్పు తక్కువైనట్టు తెలీదు. మజ్జిగ నచ్చని వాళ్లకి కొబ్బరి నీళ్లో, ఉత్త మంచినీళ్లో. ప్యాకెట్ జ్యూసులు కూడా కూల్‌డ్రింక్ లెక్కే, పండు బొమ్మ చూసి మోసపోవద్దు.

వడ్డించే టైము, వరస

పొద్దున్నే వచ్చినవాళ్ల ముందు జంతికల డబ్బా పెట్టకండి. ఉడికించిన చిలగడదుంపలు, పచ్చి కందికాయలు ఉడకేసినవి, జామకాయ ముక్కలు, రేగిపళ్లు పెట్టండి. కందికాయలు వలుచుకుంటూ కబుర్లు చెప్పుకుంటే గంట గడిచిపోతుంది, తిన్నది గుప్పెడే.

భోజనం మాత్రం చెప్పిన టైముకి పెట్టండి. ఇన్సులిన్ చేసుకున్నవాళ్లు, షుగరు మాత్ర వేసుకున్నవాళ్లు ఒంటిగంటకని చెప్పి మూడింటి దాకా కూర్చోబెడితే షుగరు పడిపోవచ్చు. చెమటలు, చేతులు వణకడం, తికమకగా మాట్లాడటం కనిపిస్తే, మెలకువగా ఉండి మింగగలిగితే, అప్పుడు మజ్జిగ కాదు, మూడు నాలుగు చెంచాల పంచదార కలిపిన నీళ్లు వెంటనే ఇవ్వాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

వరస కూడా చూసుకోండి. కూర, పప్పు, పచ్చడి ముందు వడ్డించి, తర్వాత గారె, అన్నం. చివర్లో అరిసె, ఒక్కొక్కరికి ఒకటి, గిన్నె మధ్యలో పెట్టేసి వదిలేయకుండా చేత్తో ఇవ్వండి. "ఇంకోటి వేసుకోండి, మా మీద ఒట్టు" అనే అత్తయ్యలకి ముందే చెప్పి ఉంచండి, ఇది అన్నింటికంటే కష్టమైన స్టెప్పు, నాకింకా పూర్తిగా సాధ్యపడలేదు.

వెళ్లేటప్పుడు పిండివంటలు కట్టివ్వకపోతే బాగోదు కదా, ఇవ్వండి, కానీ పావు కిలో డబ్బా చూసుకోండి. మా మావయ్య వాటా మాత్రం అత్త చేతికే ఇస్తా.