మెత్తబడిన ఫ్రంట్ ఫోర్కులకు గట్టి స్ప్రింగులు వేయడం ఎలా?

బ్రేకు నొక్కగానే బండి ముందుభాగం పూర్తిగా దిగబడిపోతుంటే చాలామంది మొదట చేసే పని ఫోర్కుల్లో, అంటే ముందు చక్రాన్ని మోసే రెండు గొట్టాల్లో, చిక్కటి ఆయిల్ పోయించడం. రోగం ఒకటైతే మందు మరొకటి వేయడమే ఇది. ఆయిల్ చిక్కదనం ఫోర్కు కదిలే వేగాన్ని మాత్రమే అదుపు చేస్తుంది. బరువును మోసేది స్ప్రింగు. చిక్కటి ఆయిల్‌తో ఫోర్కు కాస్త నెమ్మదిగా దిగినా చివరికి దిగాల్సినంతా దిగుతుంది, పైగా గుంత అంచు తగిలినప్పుడు దెబ్బంతా మణికట్టుకు వస్తుంది. ప్రీలోడ్ (స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచడం) బిగించడం కూడా బండి నిలబడే ఎత్తును మారుస్తుందే తప్ప స్ప్రింగు గట్టిదనాన్ని మార్చదు.

స్ప్రింగు మీ బరువుకు చాలదని ముందుగా రూఢి చేసుకోవాలి. ముందు చక్రం గాల్లో ఉండగా ఫోర్కు గొట్టానికి జిప్ టై కట్టి డస్ట్ సీలుకు (దుమ్ము చొరబడకుండా గొట్టం చుట్టూ ఉండే రబ్బరు రింగుకు) ఆనించి, బండిని దించి, ఒకరు పట్టుకోగా హెల్మెట్, జాకెట్‌తో సహా నెమ్మదిగా కూర్చుని రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టాలి. దిగాక చక్రాన్ని మళ్లీ గాల్లోకి లేపి, సీలుకూ జిప్ టైకీ మధ్య దూరం కొలవాలి. ఫోర్కు మొత్తం కదలిక 120 మి.మీ. అయితే ఈ దూరం, అంటే సాగ్, 30 నుంచి 36 మి.మీ. లోపు ఉండాలి. ప్రీలోడ్ పూర్తిగా బిగించినా 40 దాటుతుంటే స్ప్రింగు మార్చక తప్పదు. కొనేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒకే గట్టిదనం ఉండే లీనియర్ స్ప్రింగులే కొనాలి. నొక్కేకొద్దీ గట్టిపడే ప్రోగ్రెసివ్ స్ప్రింగుల్లోని మెత్తటి భాగం మనిషి కూర్చోగానే చాలావరకు ఖర్చయిపోతుంది కనుక, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడు ఫోర్కు ఎక్కడ గట్టిపడుతుందో చేతికి తెలియదు.

సాకెట్ సెట్, టార్క్ రెంచ్, స్టీలు స్కేలు, పెద్ద సిరంజి, మాన్యువల్‌లో చెప్పిన ఫోర్కు ఆయిల్ ఉంటే చాలు. ఇక్కడ చెప్పేది కార్ట్రిడ్జ్ (లోపల విడిగా ఉండే డ్యాంపింగ్ యూనిట్) లేని మామూలు ఫోర్కుల గురించి. బండిని ఇంజిన్ కింద నుంచి నిలకడగా ఎత్తి, చక్రం, కాలిపర్, మడ్‌గార్డు విప్పాలి. కాలిపర్‌ను దాని బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వకుండా తాడుతో కట్టాలి. ఫోర్కును బండికి పట్టి ఉంచే పై క్లాంపు బోల్టు వదులు చేసి, కింది క్లాంపు బిగువుగా ఉండగానే ఫోర్కు మూతను పావు చుట్టు తిప్పి ఉంచుకుంటే తర్వాత కుస్తీ పట్టాల్సిన పని ఉండదు. ఫోర్కులు బయటికి తీశాక చివరి మరలు వదిలేటప్పుడు మూతను అరచేత్తో నొక్కి పట్టి, ముఖం పక్కకు పెట్టుకోవాలి. లోపలి స్ప్రింగు దాన్ని ఎగరగొడుతుంది. స్పేసరు (స్ప్రింగు పైన ఉండే గొట్టపు ముక్క), వాషరు, స్ప్రింగు వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పెట్టి, ఫోర్కును తలకిందులు చేసి పాత ఆయిల్ వంచేయాలి. డ్రెయిన్ స్క్రూ ఉన్నా సరే వంచే తీయాలి, లేకపోతే మడ్డి అడుగునే ఉండిపోతుంది.

ఎక్కువమంది పాడుచేసేది ఆయిల్ మట్టం దగ్గరే. సీసా మీది కొలత చూసి రెండు ఫోర్కుల్లో సమానంగా పోసినంత మాత్రాన మట్టం సమానం కాదు, ఎందుకంటే లోపల మిగిలిన పాత ఆయిల్ రెండింటిలో ఒకేలా ఉండదు. కొలవాల్సింది గొట్టం పై అంచు నుంచి ఆయిల్ పైభాగం దాకా ఉన్న ఖాళీని. అదీ స్ప్రింగు బయట ఉంచి, గొట్టాన్ని పూర్తిగా కిందికి దించి, ఫోర్కును నిటారుగా నిలబెట్టి కొలవాలి. స్ప్రింగు లోపల ఉండగా కొలిస్తే అది ఆయిల్‌ను పైకి నెడుతుంది కనుక అసలు మట్టం తక్కువైపోతుంది.

ఈ ఖాళీలోని గాలి రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. ఖాళీ 120 మి.మీ., కదలిక 120 మి.మీ. అనుకుంటే, ఫోర్కు చివరిదాకా దిగేసరికి గాలి ఒత్తిడి సుమారు రెట్టింపవుతుంది. అదే ఖాళీని 60కి తగ్గిస్తే మూడింతలకు చేరుతుంది. గట్టిదనం కోసమని ఆయిల్ ఎక్కువ పోస్తే ఆ భారం సీళ్ల మీద పడి, అవి కారడం మొదలవుతుంది. కనుక మాన్యువల్ అంకె దగ్గరే మొదలుపెట్టాలి. ఫోర్కు చివర్లో ఇంకా కొట్టుకుంటుంటేనే ఖాళీని 5 మి.మీ. చొప్పున తగ్గించి చూడాలి.

ఆయిల్‌ను కావలసినదానికన్నా కాస్త ఎక్కువగా పోసి, గొట్టాన్ని నెమ్మదిగా పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. మొదట చేతికి బోలుగా తగిలి, బుడగలు పోయేకొద్దీ కదలికంతా ఒకే బిగువుకు వస్తుంది. తర్వాత పది నిమిషాలు వదిలేసి, సిరంజి గొట్టానికి కావలసిన లోతులో గుర్తు పెట్టి, గాలి పీల్చే శబ్దం వచ్చేదాకా అదనపు ఆయిల్ లాగేయాలి. రెండు ఫోర్కుల్లోనూ తేడా ఒక మిల్లీమీటరు మించకూడదు.

తర్వాత కొత్త స్ప్రింగు, వాషరు, స్పేసరు దించాలి. స్ప్రింగు పొడవు మారితే, రెండూ కలిపి పాత మొత్తం పొడవుకు వచ్చేలా స్పేసరును అడ్డంగా, వాలు లేకుండా కోయాలి. మూతను మొదట వెనక్కి తిప్పి, మర టక్కున కూర్చున్నాకే బిగించాలి. ఇరుసును ఫోర్కు కింద బిగించి పట్టే పించ్ బోల్టులను మాత్రం చివరికి ఉంచి, చక్రం బిగించి బండిని నేల మీద దించాక, ముందు బ్రేకు పట్టుకుని ఫోర్కులను నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి, అవి వాటంతట అవి సమంగా కూర్చున్న తర్వాతే టార్క్ రెంచ్‌తో బిగించి, సాగ్ మళ్లీ కొలవాలి.