మంచి ఉద్యోగులు మానేయకుండా ఉండాలంటే ఏం చేయాలి?

రాజీనామా చేతికొచ్చాక జీతం పెంచుతాం, ఉండిపో అని బతిమాలడం చాలా ఆఫీసుల్లో జరిగేదే. కానీ చాలాసార్లు అప్పటికే ఆ మనిషి మనసు విరిగి నెలలు గడిచిపోయి ఉంటాయి. అంతకంటే ముందే కదలాలి.

ముందు లెక్క తీయండి. ఏడాదిలో మానేసినవాళ్ల సంఖ్యను ఆ ఏడాది సగటు ఉద్యోగుల సంఖ్యతో భాగించి 100తో గుణిస్తే అట్రిషన్ శాతం వస్తుంది. సగటున 50 మంది ఉన్నచోట 10 మంది వెళ్లిపోతే 20 శాతం. అక్కడితో ఆగొద్దు, ఎవరు ఏ టీమ్ నుంచి, చేరిన ఎన్నాళ్లకు వెళ్లారో విడదీసి చూడండి. మూడు నెలలు తిరక్కుండానే పోతుంటే ఇంటర్వ్యూలో చెప్పిన పని ఒకటి, చేయిస్తున్నది ఇంకొకటి అయ్యుండొచ్చు. ఒకే మేనేజర్ కింద నుంచి వరసగా పోతుంటే మాత్రం మిగతా కారణాలు వెతికే ముందు ఆ మేనేజర్ పద్ధతి చూడాలి.

తర్వాత జీతాలు. కొత్తగా చేరినవాళ్లకి ఎక్కువిచ్చి, వాళ్లకి పని నేర్పుతున్న పాత ఉద్యోగికి తక్కువిస్తే ఆ సంగతి ఎన్నాళ్లో దాగదు, అడిగేదాకా ఆగకుండా మీరే సరిచేయండి. హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో 1913లో మానేసేవాళ్ల శాతం 370 దాకా ఉండేది, అంటే ఒక్కో స్థానంలో ఏడాదికి మూడు నాలుగు సార్లు మనిషి మారినట్టు. 1914లో రోజు కూలి 5 డాలర్లు చేసి, పనిగంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాక అది బాగా పడిపోయింది. డబ్బుతో పాటు గంటలూ తగ్గాయని గమనించండి.

అన్నిటికంటే ముఖ్యం, ఉన్నవాళ్లతో మాట్లాడటం. వెళ్లిపోయేవాళ్లని కారణం అడిగితే చాలామంది మర్యాదకి ఏదో ఒకటి చెప్పి వెళ్లిపోతారు. ఉన్నవాళ్లని విడివిడిగా కూర్చోబెట్టుకుని, “ఈ మధ్య ఇక్కడ మానేయాలని ఎప్పుడైనా అనిపించిందా, ఏం జరిగినప్పుడు?” అని అడగండి. అడిగి మధ్యలో సర్దిచెప్పకండి, వినండి. చెప్పినవాటిలో కనీసం ఒకటైనా వారంలో చేసి చూపించండి, కుదరనిది కుదరదని మొహం మీదే చెప్పండి. విని ఊరుకుంటే అసలు అడగకపోవడం కంటే ఎక్కువ నష్టం.

చివరగా, ఒకరు మానేశాక ఆ పనంతా మిగిలినవాళ్ల నెత్తిన పడుతుంది, టెన్షన్ తట్టుకోలేక తర్వాతి రాజీనామా అక్కడి నుంచే వస్తుంది. అందుకే కొత్త మనిషి వచ్చేదాకా ఏ పనులు పక్కన పెడుతున్నారో టీమ్‌కి అదే రోజు రాతపూర్వకంగా ఇవ్వండి.