చైనాలో సంఘాల వాళ్లను కలవబోతున్నారా? వెళ్లే ముందు ఈ జాగ్రత్తలు

2020లో ఆగిపోయిన భారత్, చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి. అప్పటినుంచి మన స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు, పరిశోధన చేసే పిల్లలు నన్ను తరచూ ఒక మాట అడుగుతున్నారు: "అక్కడ కూడా నదుల మీద, ఆడవాళ్ల హక్కుల మీద, వలస కూలీల మీద పనిచేసేవాళ్లు ఉన్నారట కదా, వెళ్లి కలవచ్చా?" కలవచ్చు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. అయితే వీసా, తిండి, చలి బట్టల గురించి అడిగినంత శ్రద్ధగా ఇంకో విషయం ఎవరూ అడగడం లేదు. మీరు వారం తర్వాత శంషాబాద్‌లో దిగి ఇంటికి వెళ్లిపోతారు. మీతో కూర్చుని టీ తాగిన మనిషి మాత్రం అక్కడే ఉంటారు. పోలీసులు పిలిచేది ఆ మనిషిని. కింద రాసిన జాగ్రత్తలన్నీ ఆ మనిషిని మనసులో పెట్టుకుని రాసినవే.

ముందు డబ్బు సంగతి. ఖాళీ చేతులతో వెళ్లడం మనకు అలవాటు లేదు. "మా ట్రస్టు తరఫున చిన్న సాయం" అని కవరు చేతిలో పెట్టాలనిపిస్తుంది. దయచేసి పెట్టకండి. చైనాలో విదేశీ ఎన్‌జీవోల చట్టం 2016 ఏప్రిల్‌లో ఆమోదం పొందింది, 2017 జనవరి 1 నుంచి అమలవుతోంది. విదేశీ సంస్థల రిజిస్ట్రేషన్, పర్యవేక్షణ రెండూ ఈ చట్టం ప్రజా భద్రతా మంత్రిత్వ శాఖకు, అంటే పోలీసు శాఖకు అప్పగించింది. మన దగ్గర విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ హోం శాఖ చేతిలో ఉండటం వల్ల ఎంత టెన్షనో సంస్థలు నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ ఇంకో మెట్టు ఎక్కువ. రిజిస్టరు కాని విదేశీ సంస్థ నుంచి డబ్బు తీసుకున్నా, దాని తరఫున పని చేసిపెట్టినా అక్కడి మనిషిదీ తప్పే అవుతుంది. కాబట్టి విరాళమే కాదు, రైలు చార్జీలు తిరిగి ఇవ్వడం, అనువాదానికి ఫీజు, "మా రిపోర్టు కోసం నాలుగు పేజీలు రాసిపెట్టండి" అని అడగడం, అన్నీ దీని కిందికి రావచ్చు. ఎంఓయూ (ఒప్పంద పత్రం) మాట అసలు ఎత్తకండి. నిజంగా కలిసి పని చేయాలనుకుంటే దానికో దారి ఉంది: చైనా భాగస్వామి సంస్థ ద్వారా, పని మొదలుపెట్టడానికి కనీసం 15 రోజుల ముందు, తాత్కాలిక కార్యక్రమంగా నమోదు చేయించాలి. దాని గడువు ఏడాదికి మించదు. హాంకాంగ్, మకావు, తైవాన్ సంస్థలను కూడా ఈ చట్టం బయటివాటిగానే లెక్కిస్తుంది. అందుకని "హాంకాంగ్ మిత్రుల ద్వారా పంపిస్తాం" అనే ఉపాయం పనికిరాదు.

రెండో విషయం మనవాళ్లకు వింతగా ఉంటుంది. మనం ఏ సంస్థకు వెళ్లినా మొదట అడిగేది "మీ రిజిస్ట్రేషన్ ఏ చట్టం కింద?" అని. అక్కడ నలుగురిలో ఆ ప్రశ్న వేయకండి. సంఘం పెట్టాలంటే పౌర వ్యవహారాల శాఖలో నమోదుతో పాటు, "వీళ్ల బాధ్యత మాది" అని పూచీ పడే ఇంకో ప్రభుత్వ సంస్థ కూడా ఉండాలన్నది అక్కడ చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. అలా పూచీ పడేవాళ్లు దొరకడం కష్టం. చైనాలో మొదటితరం పర్యావరణ సంఘం 'ఫ్రెండ్స్ ఆఫ్ నేచర్'నే చూడండి. చరిత్రకారుడు లియాంగ్ కోంగ్‌జియే 1994లో దాన్ని మొదలుపెట్టినప్పుడు, ఒక సాంస్కృతిక అకాడమీకి అనుబంధ శాఖగా నమోదు చేయించాల్సి వచ్చింది. ఇంకా చాలా బృందాలు కంపెనీలుగా నమోదై ఉంటాయి, కొన్నిటికి నమోదే ఉండదు. అందులో మోసమేమీ లేదు, బతికే దారి అది. మీరు గట్టిగా అడిగితే వాళ్లు అబద్ధమైనా చెప్పాలి, ఇబ్బందైనా పడాలి. మీ రిపోర్టులో "రిజిస్టరు కాని సంస్థ" అని రాశారంటే, మీ చేత్తో మీరే ఫిర్యాదు రాసిచ్చినట్టు.

ఎవరితో ఏం మాట్లాడాలి అన్నది వాళ్లకే వదిలేయాలి. ఈ విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే రెండు తప్పు అంచనాలు ఇక్కడే పుడతాయి. ఒకటి, "చైనాలో ఎవరూ నోరెత్తలేరు" అనుకోవడం. అది నిజం కాదు. 2003లో యునాన్ రాష్ట్రంలోని 'ను' అనే నది మీద 13 ఆనకట్టల ప్రతిపాదన వస్తే పర్యావరణ సంఘాలు, విలేకరులు కలిసి దేశమంతా చర్చ లేవదీశారు. 2004లో ప్రధాని వెన్ జియాబావో దాన్ని నిలిపి మళ్లీ పరిశీలించమన్నారు. 2015 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పర్యావరణ చట్టంలోని 58వ నిబంధన ప్రకారం, ఐదేళ్లు వరుసగా ఈ రంగంలో పనిచేసి, తగిన స్థాయిలో నమోదైన సంఘానికి ప్రజల తరఫున కాలుష్యకారుల మీద దావా వేసే వీలు వచ్చింది. ఆ ఏడాదే ఫుజియాన్‌లోని నాన్‌పింగ్‌లో కొండను తవ్వి పాడుచేసినవాళ్ల మీద ఫ్రెండ్స్ ఆఫ్ నేచర్, ఫుజియాన్ గ్రీన్ హోమ్ కలిసి గెలిచాయి. యునాన్‌లో ఆకుపచ్చ నెమళ్లు బతికే లోయను ముంచబోయిన జలవిద్యుత్ ప్రాజెక్టును 2020 మార్చిలో కున్మింగ్ కోర్టు ఆపించింది. పర్యావరణవేత్త మా జున్ 2006లో పెట్టిన సంస్థ ప్రభుత్వ లెక్కలనే పోగుచేసి ఏ ఫ్యాక్టరీ ఎంత కాలుష్యం వదులుతోందో మ్యాపు మీద చూపిస్తుంది. మన పటాన్‌చెరు, కాజిపల్లి చెరువుల గతి తెలిసినవాళ్లెవరైనా ఆ పని చూసి నేర్చుకోవాల్సిందే.

ఇవి చూసి "అయితే అన్నీ మాట్లాడొచ్చు" అనుకోవడం రెండో తప్పు. నది గురించి గంటసేపు ఉత్సాహంగా చెప్పిన మనిషి టిబెట్ పేరు రాగానే కప్పు కింద పెట్టేయవచ్చు. 2025 జూలైలో యార్లుంగ్ త్సాంగ్‌పో (టిబెట్‌లో బ్రహ్మపుత్ర పేరు) మీద భారీ ఆనకట్ట పనులు మొదలయ్యాయి. బ్రహ్మపుత్ర మన నది కాబట్టి దాని గురించి అడగాలని మీకు ఎంతైనా ఉంటుంది. కానీ సరిహద్దు, జలాలు, టిబెట్ మూడూ కలిసిన ప్రశ్న అది. వాళ్లంతట వాళ్లు ఎత్తితే వినండి, మీరు ఎత్తకండి. ఇక ఆడవాళ్ల హక్కులు, కార్మికుల హక్కుల మీద పనిచేసేవాళ్ల పరిస్థితి పర్యావరణం వాళ్లంత సులువు కాదు. 1995లో ప్రపంచ మహిళా సదస్సు బీజింగ్‌లో జరిగినప్పుడు, ఎన్‌జీవోల వేదిక నగర శివారు హ్వైరోలో ఏర్పాటైంది. చాలామంది చైనా మహిళలకు ఎన్‌జీవో అన్న మాట దగ్గరైంది అప్పుడే. ఆ ఏడాదే మొదలై 20 ఏళ్లు ఆడవాళ్లకు న్యాయసహాయం చేసిన బీజింగ్ కేంద్రం 2016లో మూతపడింది. గ్వాంగ్‌డాంగ్‌లో ఫ్యాక్టరీ కార్మికులకు తోడున్న సంఘాల మీద 2015 డిసెంబరులో అరెస్టులు జరిగాయి. పదేళ్ల కిందట పబ్లిగ్గా చేసిన పనిని ఇప్పుడు గుర్తుచేసి పొగడటం కూడా వాళ్లకు భారమే. వాళ్లు తమ పనిని 'గోంగ్‌యీ' అంటారు, అంటే ప్రజాహితం. 'వేయ్‌చ్వాన్', అంటే హక్కుల రక్షణ, అన్న మాట బరువు వేరు. వాళ్లు ఏ మాట వాడితే మీరూ అదే వాడండి.

తేదీలు చూసుకుని టికెట్ కొనండి. మార్చి మొదట్లో పార్లమెంటు, సలహా సభ సమావేశాలు రెండూ ఒకేసారి జరుగుతాయి, అప్పుడు నిఘా బిగుస్తుంది. 2015లో ఐదుగురు స్త్రీవాద యువతులను పట్టుకున్నది కూడా ఆ రోజుల్లోనే, మహిళా దినోత్సవానికి ఒకటి రెండు రోజుల ముందు. బస్సుల్లో, మెట్రోల్లో వేధింపులకు వ్యతిరేకంగా స్టిక్కర్లు పంచాలనుకోవడమే వాళ్లు చేసింది. 37 రోజులు నిర్బంధంలో ఉంచారు. జూన్ 4 (1989 తియానన్మెన్ అణచివేత జరిగిన రోజు) చుట్టూ వారం, అక్టోబరు 1 జాతీయ దినం ముందు రోజులు కూడా మంచివి కావు. మీకు సెలవులు దొరికేది అప్పుడే అయినా, ఆ రోజుల్లో చూడటానికి ఊళ్లు తిరగండి, మనుషుల్ని కలవకండి.

ఎవరింట్లో ఉండాలి? ఇంటికి రమ్మని ప్రేమగా పిలుస్తారు. హోటల్‌లో దిగితే నమోదు వాళ్లే చేస్తారు. ఇంట్లో దిగితే 24 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌లో మీరు గానీ, ఇంటివాళ్లు గానీ నమోదు చేయించాలి. చేయించకపోతే జరిమానా పడొచ్చు, చేయిస్తే ఆ ఇంటి చిరునామా పక్కన విదేశీయుడి పేరు చేరుతుంది. హోటలే మేలు. భోజనానికి వెళ్లడం వేరే సంగతి, కానీ పదిమందిని ఒకచోట పోగుచేయమని మాత్రం అడగకండి. గ్వాంగ్‌జౌలో మహిళా జర్నలిస్టు హ్వాంగ్ శ్వేచిన్‌ను, కార్మికుల ఆరోగ్యం కోసం పనిచేసే వాంగ్ జియెన్‌బింగ్‌ను 2021 సెప్టెంబరు 19న తీసుకెళ్లారు. హ్వాంగ్ అప్పుడు పైచదువు కోసం బ్రిటన్ వెళ్లబోతోంది. 2024 జూన్‌లో ఆమెకు ఐదేళ్లు, అతనికి మూడున్నరేళ్లు శిక్ష పడింది. వాంగ్ ఇంట్లో స్నేహితులు వారం వారం కూడి మాట్లాడుకోవడం కూడా ఆ కేసులోకి వచ్చింది, వచ్చినవాళ్లను పిలిచి విచారించారు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. మన ఊళ్లో ఏ సంఘమైనా పుట్టేది అలాంటి ముందు గదిలోనే కదా.

ఫోన్ విషయం. వీచాట్ (అక్కడి వాట్సాప్ లాంటిది) లేకుండా అక్కడ పూట గడవదు, పెట్టుకోండి. అందులో రాసేది బహిరంగంగా రాసినట్టే అనుకుని రాయండి. గ్రూపులో ఎవరేం పోస్టు చేసినా గ్రూపు పెట్టినవాళ్లు జవాబు చెప్పాలని 2017లోనే నిబంధన వచ్చింది. మనవాళ్లకు పొద్దున్నే ఫార్వర్డులు పంపే అలవాటు ఉంది. సరిహద్దు వార్త క్లిప్పు ఒక్కటి వాళ్ల గ్రూపులో పడితే ఆ అడ్మిన్‌కు నిద్ర ఉండదు. 2023 జూలై నుంచి గూఢచర్య నిరోధక చట్టం పరిధి పెరిగింది. 2024 జూలై నుంచి ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల తనిఖీకి దేశ భద్రతా శాఖ నిబంధనలు వచ్చాయి. వీలైతే పాత చాట్‌లు, ఫొటోలు లేని ఫోన్ తీసుకెళ్లండి. నోట్సులో పేరు, ఊరు, సంస్థ మూడూ ఒకచోట రాయకండి. వాళ్ల దగ్గర జాబితాలు, సభ్యుల నంబర్లు అడగకండి.

పరిశోధన విద్యార్థులు ఇంకాస్త జాగ్రత్తపడాలి. విదేశీయులు నేరుగా సామాజిక సర్వేలు చేయకూడదని 2004 నుంచే నిబంధన ఉంది, అనుమతి ఉన్న సంస్థ ద్వారానే చేయాలి. ప్రశ్నల కాగితం పట్టుకుని పల్లెలో పది ఇళ్లు తిరగడం మీకు మామూలు ఫీల్డ్‌వర్క్ అనిపించవచ్చు, అక్కడ అది కేసు. జీపీఎస్ పరికరంతో కొలతలు తీయడానికీ ముందస్తు అనుమతి కావాలి. నీటి నమూనాలు, మట్టి, విత్తనాలు సంచిలో వేసుకుని రాకండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అక్కడ ఎంబీబీఎస్ చదివే మన తెలుగు పిల్లలకు చైనీస్ వస్తుంది కదా అని దుబాసీలుగా తీసుకెళ్లకండి. వాళ్లది విద్యార్థి వీసా. తల్లిదండ్రులు అప్పులు చేసి పంపిన చదువు. మీ రెండు గంటల మీటింగు కోసం దాన్ని పణంగా పెట్టే హక్కు మనకు లేదు. దుబాసీ ఎవరన్నది కూడా మీరు కలవబోయేవాళ్లనే ఎంచుకోనివ్వండి.

మిమ్మల్నే ఆపి ప్రశ్నిస్తే వాదనకు దిగకండి, అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టకండి, మన దౌత్య కార్యాలయానికి తెలపమని అడగండి. వియన్నా ఒప్పందం కింద అది మీ హక్కు. బీజింగ్‌లో రాయబార కార్యాలయం, షాంఘైలో, గ్వాంగ్‌జౌలో కాన్సులేట్లు ఉన్నాయి. నంబర్లు కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి.

మీ మిత్రుడికి ఏదైనా జరిగితే అన్నదే అసలు కష్టం. "నన్ను టీకి పిలిచారు" అని ఆయన అన్నాడంటే పోలీసులు పిలిచి మాట్లాడారని అర్థం. వివరాలు తవ్వకండి. హఠాత్తుగా జవాబులు ఆగిపోతే పదేపదే ఫోన్ చేయకండి, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. దేశభద్రత కేసుల్లో మనిషిని బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఆరు నెలల వరకు ఒక చోట ఉంచే వీలు అక్కడి చట్టంలో ఉంది. అలాంటప్పుడు నలుగురికీ చెప్పడం మేలా, కొన్నాళ్లు ఊరుకోవడం మేలా అన్నది ఇంటివాళ్లు, లాయరు తేల్చుకోవాలి. మీ కోపం, మీ బాధ నిజమైనవే, కానీ నిర్ణయం వాళ్లది.

తిరిగొచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. చాలా ఏళ్ల కిందట ఖాట్మండులో ఒక శిబిరంలో చైనా నుంచి వచ్చిన ఒకామె మాతో మూడు రోజులున్నారు. చివరి రోజు గ్రూపు ఫొటో తీసుకున్నాం. సంతోషంలో ఆ రాత్రే పేర్లతో సహా ఆన్‌లైన్‌లో పెట్టేశాను. తెల్లారి ఆమె నా గది తలుపు తట్టి, చాలా మర్యాదగా, అది తీసేయగలరా అని అడిగారు. వెంటనే తీసేశాను. ఆ రాత్రి ఎవరు చూశారో, ఆమె ఇంటికి వెళ్లాక ఏం జరిగిందో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

కాబట్టి ఫొటో పెట్టే ముందు, వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు, అందులో కనిపించే ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగండి. సంస్థ పెద్ద సరే అన్నారని అందరూ సరే అన్నట్టు కాదు. ఊరి పేరు మార్చినా నది పేరు, ఫ్యాక్టరీ పేరు ఉంటే మనిషి దొరికిపోతారు, అవీ చూసుకోండి. రెండు మూడు వారాలు ఆగండి. జవాబు రాకపోతే వద్దన్నట్టే లెక్క.