ల్యాబ్ టెక్నాలజిస్టు కావాలంటే: సీటు ఎంచుకోవడం నుంచి చెయ్యి తిరిగే దాకా

ఊదా మూత ట్యూబులోని రక్తం రెండు చుక్కలు ఎర్ర మూత ట్యూబులో పడితే చాలు, రోగికి పొటాషియం ప్రమాదకరంగా పెరిగినట్టు, కాల్షియం పడిపోయినట్టు రిపోర్టు వస్తుంది. ఊదా ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే మందు ఈడీటీఏ, అది పొటాషియం లవణం. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కూడా. ఇక్కడ మిషన్ తప్పేమీ లేదు, దానికి అందిన శాంపిలే చెడింది. ల్యాబులో తప్పుల్లో ఎక్కువ భాగం ఇలా మిషన్ దాకా రాకముందే జరిగిపోతాయి. అందుకే ఈ చదువులో చూసుకోవాల్సింది కాలేజీ భవనాన్నో, అక్కడున్న మిషన్ ఖరీదునో కాదు. రోజూ ఎన్ని శాంపిళ్లు మీ చేతిమీదుగా వెళ్తాయన్నది చూడాలి.

ఏ కోర్సు, ఎక్కడ

ఇంటర్ బైపీసీ తర్వాత ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి రెండేళ్ల డిప్లొమా, అందరూ డీఎంఎల్‌టీ (డిప్లొమా ఇన్ మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) అనేది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పారామెడికల్ బోర్డులు దీన్ని నడుపుతాయి. ప్రవేశ పరీక్ష ఉండదు, ఇంటర్ మార్కులే ఆధారం. బైపీసీ వాళ్లకు మొదటి ప్రాధాన్యం, సీట్లు మిగిలితే ఎంపీసీ వాళ్లకు ఇస్తారు. రెండోది బీఎస్సీ ఎంఎల్‌టీ. మూడేళ్ల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్ అన్నది ఇక్కడ నడుస్తూ వచ్చిన పద్ధతి. ఏపీలో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ డిగ్రీ ఇస్తాయి. తిరుపతిలోని వైద్య విశ్వవిద్యాలయం స్విమ్స్‌లోనూ ఈ కోర్సు ఉంది. ఇంటర్‌లోనే ఒకేషనల్ ఎంఎల్‌టీ చదివినవాళ్లు డిగ్రీకి వెళ్లాలనుకుంటే డిగ్రీ అర్హత కోసం అదనంగా చదవాల్సిన బ్రిడ్జి కోర్సు సంగతి ముందే కనుక్కోవాలి. ఆఖరి నిమిషంలో తెలుసుకుంటే ఏడాది పోతుంది.

ఇంటి పరిస్థితిని బట్టి త్వరగా ఉద్యోగం కావాలంటే డిప్లొమా మంచిదే. తర్వాత ఎంఎస్సీ చేయాలన్నా, విదేశాలకు వెళ్లాలన్నా డిగ్రీ ఉంటేనే తలుపులు తెరుచుకుంటాయి. ఆరు నెలల్లో ల్యాబ్ టెక్నీషియన్ అయిపోవచ్చని చెప్పే ప్రకటనల జోలికి మాత్రం వెళ్లొద్దు. 2021లో వచ్చిన కేంద్ర అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం రెండేళ్ల కాలంలో 2,000 గంటల చదువు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం మూడేళ్లలో 3,600 గంటల డిగ్రీ కావాలి.

సీటు తీసుకునే ముందు కాలేజీకి వెళ్లి, ఆఫీసులో కాకుండా ల్యాబులో నిలబడి అడగండి. సొంత ఆసుపత్రి ఉందా, లేక వేరే ఆసుపత్రితో ఒప్పందం మాత్రమేనా? రెండో ఏడాది విద్యార్థులు స్వయంగా రక్తం తీస్తున్నారా, పక్కన నిలబడి చూస్తున్నారా? సూక్ష్మజీవులను పెంచే కల్చర్ ప్లేట్లు అక్కడే పోస్తారా, బయటి నుంచి కొంటారా? బ్లడ్ బ్యాంకులో పోస్టింగు ఉందా? ఒక మైక్రోస్కోపు మీద ఎంతమంది కూర్చుంటారు? వీటికి ఆఫీసు వాళ్లకంటే సీనియర్ విద్యార్థులే సరైన జవాబు చెబుతారు. కాలేజీకి ఈ ఏడాదికి అనుమతి ఉందో లేదో, ఎన్ని సీట్లకు ఉందో బోర్డు జాబితాలోనే చూసుకోండి. గోడమీద ఫ్రేము కట్టిన పాత కాగితం చూసి నమ్మొద్దు. ప్రభుత్వ వైద్య కళాశాలలో డిప్లొమా సీటు వస్తే వదులుకోవద్దు. అక్కడ వసతులు అరకొరగా అనిపించినా ఓపీ రద్దీయే మీకు పాఠం.

మొదటి మూడు నెలలు: పైపెట్

ద్రవాన్ని కొలిచి తీసే పరికరం పైపెట్. దాన్ని పట్టుకోవడం రానివాళ్లకు బయోకెమిస్ట్రీ రాదు. సాధనకు సులువైన దారి ఉంది. సున్నితమైన త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి, 100 మైక్రోలీటర్ల నీటిని పదిసార్లు వేయండి, ప్రతిసారీ బరువు రాసుకోండి. ఒక్కోసారి 100 మిల్లీగ్రాములకు దగ్గరగా రావాలి. అంకెలు చెల్లాచెదురుగా వస్తే లోపం మీ చేతిలో ఉంది. అన్నీ ఒకేలా 94, 94, 95 అని వస్తుంటే చెయ్యి కుదిరింది, పైపెట్‌కే కాలిబ్రేషన్ కావాలి. బొటనవేలు ఠక్కున వదిలేస్తే గాలి బుడగ లోపలికి వస్తుంది. టిప్పును ద్రవంలో బాగా లోతుకు ముంచితే బయట అంటుకున్నది కూడా లెక్కలో కలుస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లు మునిగితే చాలు.

రక్తం తీయడం

ఇక్కడ మొదటి అడుగు సూది కాదు, పేరు. "మీరు లక్ష్మిగారేనా?" అని అడగొద్దు. చెవులు సరిగా వినపడని పెద్దావిడ దేనికైనా "ఆఁ" అనేస్తుంది. "మీ పేరేంటమ్మా, వయసెంత?" అని అడిగి, ఆవిడ చెప్పింది చీటీతో సరిచూడండి. ఆసుపత్రిలో చేరినవాళ్లయితే ఐపీ నంబరు కూడా చూడాలి. పరగడుపున వచ్చారా అంటే చాలామంది అవుననే అంటారు, టీ, కాఫీలు తిండి కిందికి రావని వాళ్ల లెక్క. "పొద్దున్నుంచి మంచినీళ్లు కాక ఇంకేమైనా తాగారా?" అని అడిగితేనే నిజం బయటపడుతుంది.

టోర్నికేను (చేతికి బిగించే పట్టీ) సూది గుచ్చే చోటికి నాలుగు వేళ్ల ఎత్తున కట్టండి. అది నిమిషానికి మించి ఉండకూడదు. నరం దొరకలేదని పిడికిలి పదేపదే బిగించి వదలమంటే పొటాషియం పెరుగుతుంది. దొరక్కపోతే టోర్నికే విప్పి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ కట్టండి. 70 శాతం ఆల్కహాలుతో తుడిచి 30 సెకన్లు ఆరనివ్వాలి. తడిగా ఉండగానే గుచ్చితే రోగికి మంట పుడుతుంది, ఎర్ర కణాలూ చితుకుతాయి. 21 గేజి సూది, దాని ఏటవాలు ముఖం పైకి ఉండాలి, కోణం 15 నుంచి 30 డిగ్రీలు. రక్తం రావడం మొదలవగానే టోర్నికే వదిలేయండి. ట్యూబులన్నీ నిండాక, సూది తీశాక వదిలితే చేతి మీద నల్లగా కమిలిపోతుంది.

ట్యూబుల వరుస కంఠస్థం రావాలి: ముందు బ్లడ్ కల్చర్ సీసాలు, తర్వాత లేత నీలం, ఆ తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివరికి బూడిద రంగు. మొదట చెప్పిన పొటాషియం తప్పు జరగకుండా కాపాడేది ఈ వరుసే. లేత నీలం ట్యూబును గీత దాకా నింపి తీరాలి. అందులో గడ్డకట్టకుండా ఆపే సిట్రేటు ఒక పాలుకు తొమ్మిది పాళ్ల రక్తం కావాలి. తక్కువ పోస్తే సిట్రేటు ఎక్కువై, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షల్లో సమయాలు పెరిగినట్టు కనిపిస్తాయి, లేని రక్తస్రావ ప్రమాదం ఉన్నట్టు తోస్తుంది. ఊదా ట్యూబును 8 నుంచి 10 సార్లు, నీలం దాన్ని 3, 4 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. సీసాలో మందు కలిపినట్టు కుదపొద్దు. సిరంజితో తీసిన రక్తాన్ని సూది గుండా బలంగా నెట్టినా కణాలు పగిలిపోతాయి. అలా పగిలిన శాంపిల్లో పొటాషియం, ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ (ఈ రెండూ కణాల్లోని ఎంజైములు) పెరిగి వస్తాయి.

సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయకూడదు, రెండో చేతికి వెళ్లండి. లేబుల్ రోగి ఎదుటే, రక్తం తీసిన వెంటనే అంటించాలి. ఖాళీ ట్యూబులకు ముందే పేర్లు అంటించి ట్రేలో పెట్టుకునే అలవాటు వల్లే ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్తుంది.

ఎర్ర ట్యూబు తెచ్చిన వెంటనే సెంట్రిఫ్యూజులో (గిర్రున తిప్పి, పైన తేలే ద్రవమైన సీరాన్ని వేరుచేసే మిషన్) పెట్టేయకండి. గడ్డకట్టడానికి అరగంట కావాలి. తొందరపడితే సీరంలో ఫైబ్రిన్ పోగులు మిగిలి అనలైజర్ సూదికి అడ్డం పడతాయి. అలాగని గంటల తరబడి వదిలేసినా ముప్పే. వేరు చేయని రక్తంలో కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజును తినేస్తాయి. దూరం నుంచి వచ్చే షుగర్ శాంపిళ్లకు, కణాలు గ్లూకోజును తినకుండా ఆపే మందున్న బూడిద ట్యూబు వాడేది ఇందుకే.

స్మియర్ మీద పట్టు

కాలేజీ రోజుల్లో ఏ ఒక్క పని మీదైనా మొండిగా కూర్చోవాలంటే అది బ్లడ్ స్మియర్ (గాజు స్లైడు మీద పలుచగా పరిచిన రక్తపు పొర) మీదే. రక్తకణాలను లెక్కపెట్టే సెల్ కౌంటర్ ఎంత ఖరీదైనదైనా అనుమానం వస్తే చివరికి చూసేది స్లైడునే.

స్లైడు అంచుకు సెంటీమీటరు దూరంలో చిన్న చుక్క పెట్టండి, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పు చాలు. రెండో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల కోణంలో ఆనించి, చుక్క అంచు పొడవునా పాకాక ఒక్క ఊపులో ముందుకు లాగండి. ఆగి ఆగి లాగితే చారలు పడతాయి. కోణం పెరిగితే స్మియర్ పొట్టిగా, మందంగా వస్తుంది. జిడ్డు స్లైడు మీద గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. రక్తహీనత బాగా ఉన్నవాళ్ల రక్తం పలుచన, జారిపోతుంది కాబట్టి కోణం కాస్త పెంచి, వేగంగా లాగాలి. మంచి స్మియర్ స్లైడులో మూడింట రెండు వంతుల దాకా వచ్చి, నాలుక చివరలా సన్నబడుతుంది.

పూర్తిగా ఆరాక లీష్మన్ రంగు పోసి 2 నిమిషాలు ఉంచండి. అందులోని మిథనాలు కణాలను గాజుకు పట్టేలా చేస్తుంది. తర్వాత దానికి రెట్టింపు 6.8 పీహెచ్ బఫర్ నీళ్లు పోసి, కలిపి, 8 నుంచి 10 నిమిషాలు ఆగి కడగండి. అంతా నీలంగా కనిపిస్తే నీళ్లలో క్షారం ఎక్కువైనట్టు, బఫర్ బదులు బోరు నీళ్లు వాడే చోట తరచూ ఇదే జరుగుతుంది. మరీ ఎర్రగా ఉంటే ఆమ్లం ఎక్కువైంది. రంగు గుళికలు పేరుకుంటే పోసిన రంగు మధ్యలో ఎండిపోయిందన్నమాట.

న్యూబార్ ఛాంబర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) లెక్కను బట్టీ పట్టకుండా అర్థం చేసుకోండి. తెల్లకణాలకు రక్తాన్ని 20 రెట్లు పలుచన చేస్తాం. నాలుగు మూల గదులు, ఒక్కోటి ఒక చదరపు మిల్లీమీటరు, లోతు 0.1 మిల్లీమీటరు, అంటే మొత్తం 0.4 మైక్రోలీటరు. 20ని 0.4తో భాగిస్తే 50. లెక్కించిన కణాలను 50తో హెచ్చించడం అందుకే. వైవాలో "50 ఎక్కణ్నుంచి వచ్చింది?" అనే అడుగుతారు.

మిషన్ చెప్పింది నమ్మాలా

డెంగీ కాలంలో సెల్ కౌంటర్ ప్లేట్‌లెట్లు 30 వేలని చూపిస్తుంది, రోగి మాత్రం నడిచి వచ్చాడు, ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. రిపోర్టు వదలకముందు మూడు పనులు చేయండి. ట్యూబులో పుల్ల తిప్పి గడ్డ ఉందేమో చూడండి. ఉంటే ఆ శాంపిల్ పారేసి మళ్లీ తీయాలి. గడ్డ లేకపోతే స్మియర్ తోక భాగంలో, అంచుల్లో ప్లేట్‌లెట్ గుంపులు ఉన్నాయేమో వెతకండి. కొందరి రక్తంలో ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మిషన్ ఆ గుంపులను లెక్కపెట్టలేదు. గుంపులు కనిపిస్తే నీలం ట్యూబులో కొత్త శాంపిల్ తీసి, వచ్చిన అంకెను 1.1తో హెచ్చించండి, సిట్రేటు కలిపిన పలుచన సరిపోతుంది. గుంపులు లేకపోతే తగ్గుదల నిజమే. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకు ఫోన్ చేసి, అంకెను తిరిగి చెప్పించుకుని, టైము రిజిస్టరులో రాయాలి.

ఇంకో గుర్తు: కణాల పరిమాణం, రంగు మామూలుగా ఉన్నప్పుడు హీమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చిస్తే హెమటోక్రిట్‌కు (రక్తంలో ఎర్రకణాల శాతం) దగ్గరగా రావాలి. రాకపోతే ఆగండి. ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హీమోగ్లోబిన్ గాఢత) 37 దాటితే సీరం పాలలా ఉందేమో, కణాలు చలికి గుంపుకట్టాయేమో చూడండి. రెండోదైతే ట్యూబును 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి మళ్లీ నడిపితే అంకెలు సర్దుకుంటాయి.

రోజూ పొద్దున రోగుల శాంపిళ్లకంటే ముందు కంట్రోల్ (విలువ ముందే తెలిసిన శాంపిల్) నడపాలి, వచ్చిన అంకెను లెవీ-జెన్నింగ్స్ చార్టులో చుక్కగా గుర్తించాలి. ఒక్క చుక్క సగటు నుంచి 3 ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) దాటినా, వరుసగా రెండు చుక్కలు ఒకే వైపు 2 ఎస్‌డీ దాటినా రిపోర్టులు ఆపాలి. కంట్రోల్ హద్దుల లోపలికి వచ్చేదాకా మళ్లీ మళ్లీ నడపడం కొన్ని చోట్ల అలవాటైపోయింది. అది పచ్చి తప్పు. రియేజెంటు గడువు, కంట్రోల్ కరిగించిన తేదీ, మిషన్ లోపలి దీపం, కాలిబ్రేషన్ ఒక్కొక్కటిగా చూసి కారణం పట్టుకోవాలి.

మీ ఒంటి జాగ్రత్త

పోస్టింగులకు ముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలల్లో పూర్తి చేయండి. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు టీకా పనిచేసిందో లేదో చూపే యాంటీ హెచ్‌బీఎస్ రక్తపరీక్షలో మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. సూదికి మూత తిరిగి పెట్టొద్దు, గుచ్చుకునేది ఎక్కువగా అప్పుడే. గుచ్చుకుంటే నొక్కి రక్తం పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు, కోర్సు 28 రోజులు. తిడతారని దాచిపెట్టడం కంటే పెద్ద ప్రమాదం లేదు. చెత్తలో సూదులు తెల్ల డబ్బాకు, సిరంజిలు, ప్లాస్టిక్ ట్యూబులు ఎర్ర సంచికి, గాజు నీలం డబ్బాకు వెళ్లాలి.

ఉద్యోగం

ప్రభుత్వ పోస్టులకు బోర్డు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కోర్సు అవగానే చేయించుకోండి. తెలంగాణలో 2024 సెప్టెంబరులో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అందులో రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు. అందుకే తక్కువ జీతమైనా కాంట్రాక్టు పనిని తేలిగ్గా తీసిపారేయకండి. సొంత ల్యాబు పెట్టుకుని రిపోర్టుల మీద మీరే సంతకం చేయవచ్చని ఎవరైనా చెబితే వినొద్దు. రిపోర్టుకు డాక్టరు సంతకం ఉండాలని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే సర్టిఫికెట్లను డేటాఫ్లో అనే సంస్థ తనిఖీ చేస్తుంది, ప్రోమెట్రిక్ అనే సంస్థ కేంద్రంలో పరీక్ష ఉంటుంది. అమెరికా ప్రమాణంతో సర్టిఫికెట్ కావాలంటే ఏఎస్‌సీపీ (అమెరికా క్లినికల్ పాథాలజీ సంఘం) అంతర్జాతీయ పరీక్ష, 100 ప్రశ్నలు, రెండున్నర గంటలు. వీటన్నిటి దగ్గర పేచీ వచ్చేది అనుభవం కాగితం మీదే. పనిచేసిన ప్రతిచోటా లెటర్‌హెడ్ మీద, చేరిన తేదీ, మానిన తేదీ, హోదా, చేసిన విభాగాలు రాయించి, మానేసే రోజునే తీసుకోండి. ల్యాబు మూతపడ్డాక, యజమాని మారాక ఆ సంతకం దొరకదు. ఇంటర్ మెమోలో, డిప్లొమాలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో కూడా చదువుకుంటున్నప్పుడే చూసి దిద్దించుకోండి.